ఒక్కొక్కరికి లక్షా ముప్పై వేలలో మసాయి మారా: నా అనుభవం

మా అమ్మ సీరియళ్లు చూడదు. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుందంటే టీవీలో జంతువులే. నాన్న పోయాక ఆ అలవాటు ఇంకా ఎక్కువైంది. 2024 ఆగస్టులో రాఖీకి తమ్ముడు హనుమకొండ వచ్చిన రోజు కూడా అదే చూస్తోంది. తెర మీద ఏనుగుల గుంపు నది దాటుతోంది. "గివి నిజంగ గంత పెద్దగుంటయారా?" అని అడిగింది అమ్మ. తమ్ముడు ఒక్క క్షణం ఆగి, "పోయి చూసొద్దాం పా అమ్మా" అన్నాడు. ఆ మాటతో మొదలైంది. ఆర్నెల్ల తర్వాత, 2025 ఫిబ్రవరిలో అమ్మ, నేను, మా ఆయన, తమ్ముడు నలుగురం కెన్యా వెళ్లొచ్చాం. మధ్యలో ఆ ఆర్నెల్లు ఎలా గడిచాయో, డబ్బు ఎక్కడ మిగిలిందో, ఎక్కడ పోయిందో రాస్తున్నాను. మాలాగే జీతాల మీద బతికేవాళ్లు ఎవరైనా ఆఫ్రికా సఫారీ మనవల్ల కాదులే అనుకుంటుంటే వాళ్లకు పనికొస్తుందని.

ముందు హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీని అడిగాం. ఆగస్టు నెలకి, ఏడు రాత్రులకి, మూడు పార్కులకి కలిపి మనిషికి 2,65,000 రూపాయలు చెప్పారు. నలుగురికి పది లక్షలు దాటుతుంది. దేనికి ఎంతో విడదీసి చెప్పమంటే, "అన్నీ కలిపే ఉంటుందండీ, విడిగా చెప్పం" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మకి ఆశ పెట్టి ఇప్పుడు కాదనడం ఎలా? మరుసటి ఆదివారం తమ్ముడూ నేనూ ఒక నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాం. అసలు సఫారీ అంటే ఏ ఏ ఖర్చులు కలిస్తే అవుతుందో రాసుకుంటూ పోయాం. విమానం, వీసా లాంటి అనుమతి, పార్కు టికెట్లు, బండి, బస, తిండి. ఆరే ఆరు.

దేశం ఎంచుకోవడానికే నెల పట్టింది. లెక్క ప్రకారం అన్నిటికన్నా చవక దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కు. అక్కడ తారు రోడ్లున్నాయి, కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకుంటూ తిరగొచ్చు, రోజు టికెట్ అప్పట్లో 30 డాలర్ల లోపే. కానీ వీసాకి కాగితాలు చాలా కావాలి, విమానాలు మారాలి, ఎడమ పక్క ఏ పొదలో ఏముందో చూసి చెప్పే మనిషి పక్కన ఉండడు. టాంజానియాలో సెరెంగెటి అద్భుతమే. కానీ పార్కు రుసుముల మీద 18 శాతం పన్ను అదనం, ఎన్గొరొంగొరో అగ్నిపర్వత బిలంలోకి బండి దిగాలంటే మనుషుల టికెట్లు కాక బండికే విడిగా 295 డాలర్లు కట్టాలి. కెన్యాకి ముంబై నుంచి నేరుగా విమానం, ఆరు గంటల ప్రయాణం. వీసా తీసేసి 2024 జనవరి నుంచి ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే అనుమతి ఇస్తున్నారు, 30 డాలర్లు పైచిలుకు. పైగా కెన్యాలోని మసాయి మారా, టాంజానియాలోని సెరెంగెటి నిజానికి ఒకే గడ్డి మైదానం, మధ్యలో దేశాల సరిహద్దు మాత్రమే ఉంది. దాంతో కెన్యా ఖాయం చేసుకున్నాం.

తర్వాత నెల. అందరూ జూలై నుంచి అక్టోబరు మధ్య వెళ్తారు, వైల్డ్‌బీస్టులనే పెద్ద జింకజాతి జంతువులు లక్షల కొద్దీ మారా నది దాటేది అప్పుడే కాబట్టి. టీవీలో మనం చూసేది కూడా అదే. కానీ మారాలో విదేశీయులకు రోజు టికెట్ జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. అదే గడ్డి, అవే సింహాలు, టికెట్ మాత్రం రెట్టింపు. బస ధరలూ అలాగే పెరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో అన్నిటికన్నా చవక, కానీ పెద్ద వానలు, మట్టి దారుల్లో బండ్లు కూరుకుపోతాయి. జనవరి, ఫిబ్రవరిలో వాన తక్కువ, టికెట్ తక్కువ. నది దాటడం మాత్రం కనిపించదు. అమ్మకి ఆ సంగతి చెప్పి, పర్వాలేదా అని అడిగాను. "గదంత ఉరుకుడు నాకెందుకు బిడ్డా, నిమ్మలంగ నిలబడ్డ ఏనుగును సూస్తే సాలు" అంది. ఫిబ్రవరికి పెట్టుకున్నాం.

ఏనుగు అనగానే చిక్కు వచ్చిపడింది. కెన్యాలో ఏనుగులకు పేరున్న చోటు అంబోసెలి. వెనకాల కిలిమంజారో కొండ, ముందర ఏనుగులు, అందరూ చూసిన ఫొటో అక్కడిదే. కానీ అది రాజధాని నైరోబీకి ఆగ్నేయాన ఉంది, మారా పడమర వైపు ఉంది. రెండూ చూడాలంటే మధ్యలో దాదాపు ఒక పూర్తి రోజు రోడ్డు మీదే పోతుంది. అంబోసెలికి రెండు రోజులు కలిపితే బండి అద్దె, రెండు రాత్రుల బస, మనిషికి 60 డాలర్ల టికెట్, నలుగురికీ 80 వేలు దాటుతోంది. తమ్ముడు పెడదామన్నాడు. నేను వద్దన్నాను. బండి కదిలే ప్రతి రోజుకీ పూర్తి అద్దె కడతాం, కానీ ఆ రోజు చూసేది హైవే మాత్రమే. ఆ డబ్బుతో మారాలోనే ఇంకో రాత్రి ఉంటే మంచిదని నా వాదన. మారాలోనూ ఏనుగులున్నాయి కదా అన్నాను. అన్నానే కానీ, అమ్మకి అవి కనబడకపోతే ఆ తప్పు నాదే అవుతుందన్న బెంగ చివరి రోజు దాకా వదల్లేదు.

నైరోబీలోని సఫారీ కంపెనీలకు మెయిళ్లు పెట్టాను. మొత్తం పద్నాలుగు. తొమ్మిదింటికి జవాబు వచ్చింది. ఒకరు చాలా తక్కువ ధర చెప్పారు, సంబరపడి రెండోసారి చదివితే పార్కు టికెట్లు అందులో లేవు. ఇంకొకరు మొత్తం డబ్బు ముందే ఒక వ్యక్తి ఖాతాలో వేయమన్నారు, అక్కడితో మాట్లాడడం ఆపేశాను. కెన్యా టూర్ ఆపరేటర్ల సంఘం, కాటో అంటారు, వాళ్ల సైట్‌లో సభ్యుల జాబితా ఉంది. అందులో ఉన్న రెండు చిన్న కంపెనీలతో మాత్రమే తర్వాత మాట్లాడాను. నేను అడిగిన ప్రశ్నలు ఇవి: పార్కు టికెట్లు కలిపారా, విడిగానా? బండిలో మేం నలుగురమేనా, వేరేవాళ్లు కూడా ఎక్కుతారా? డీజిల్, డ్రైవరు తిండి, బస ఎవరివి? కిలోమీటర్ల పరిమితి ఉందా? బండి చెడిపోతే ఇంకో బండి ఎన్ని గంటల్లో వస్తుంది? ఆఖరి ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పినవాళ్లనే ఎంచుకున్నాం. 30 శాతం అడ్వాన్సు కంపెనీ ఖాతాకి పంపాం, మిగతాది నైరోబీలో ఇచ్చాం.

బండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువ మిగిలింది ఇక్కడే. ల్యాండ్ క్రూయిజర్‌కి రోజుకి 250 డాలర్లు చెప్పారు. పైకప్పు పైకి లేచే టయోటా వ్యానుకి, డ్రైవరూ డీజిలూ కలిపి, 160 డాలర్లు. వాన లేని నెలలో వ్యాను చాలు. మేం నలుగురం కాబట్టి అందరికీ కిటికీ సీటు దొరికింది, నిలబడి చూడడానికి కప్పు కింద చోటు దొరికింది. మనం మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికి వెళ్తే జిప్సీకి ఆరుగురు కలిస్తే చవక అని తెలిసిందే కదా, ఇక్కడా అంతే. ఇద్దరే వెళ్తే ఆ 160 ఇద్దరే మోయాలి. అలాంటివాళ్లు వేరే ప్రయాణికులతో కలిసి వెళ్లే గ్రూప్ సఫారీలో సీటు కొనుక్కోవడం మేలు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి కూడా అదే దారి.

మారా టికెట్ గురించి తెలిసినప్పుడు మా ప్లాన్ మొత్తం మార్చాం. ఆ టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. మధ్యాహ్నం మూడుకి గేటు దాటినా 100 డాలర్లే, తెల్లవారి ఆరుకి దాటినా 100 డాలర్లే. మామూలుగా అమ్మే మూడు రోజుల ప్యాకేజీలో మొదటి రోజు మధ్యాహ్నం చేరి ఒక రౌండు, రెండో రోజు పూర్తిగా, మూడో రోజు పొద్దున ఇంకో రౌండు వేసి తిరిగి నైరోబీ. గేటు బయట బస చేసేవాళ్లకి అది మూడు టికెట్లు, 300 డాలర్లు, పార్కులో గడిపేది మహా అయితే 18 గంటలు. మేం ఏం చేశామంటే, చేరిన రోజు లోపలికి పోలేదు. తర్వాతి రెండు రోజులూ ఆరింటికల్లా గేటు దగ్గర ఉన్నాం, సాయంత్రం ఆరింటిదాకా లోపలే. నాలుగో రోజు పొద్దున టిఫిన్ తిని నేరుగా బయల్దేరాం. రెండు టికెట్లు 200 డాలర్లు, అదనపు రాత్రికి 55, అదనపు బండి రోజులో నా వాటా 40. మొత్తం 295. దాదాపు అదే డబ్బుకి 24 గంటలు అడవిలో ఉన్నాం. సింహం ఎప్పుడు లేస్తుందో మన చేతుల్లో ఉండదు కాబట్టి ఆ గంటలే ముఖ్యం.

ఇక ఆరోగ్యం. ఇక్కడే నాకు ఎక్కువ టెన్షన్ పట్టుకుంది. కెన్యా నుంచి మన దేశానికి తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ చూపించాలి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. అందరు డాక్టర్ల దగ్గరా ఈ టీకా దొరకదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అయితే 60 ఏళ్లు దాటినవాళ్లకి ఈ టీకా వల్ల తీవ్రమైన ఇబ్బందులు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ. అమ్మకి 61. ఆ సంగతి మాకు తెలిసింది విమానం టికెట్లు కొన్నాక. అప్పుడు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వరంగల్‌లో అమ్మని ఎప్పుడూ చూసే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. బీపీ, షుగరు, రక్త పరీక్షలు చూశారు, గుడ్డు పడదా అని అడిగారు, వాడే మందులన్నీ చూశారు. వేయించుకోవచ్చని రాసిచ్చారు. టీకా రోజు అమ్మ మామూలుగానే ఉంది, మర్నాడు కొంచెం ఒళ్లు నొప్పులు, అంతే. కానీ ఆ వారం రోజులూ నేను ఫోను పక్కన పెట్టుకునే పడుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లాలనుకుంటే మొదట డాక్టరు దగ్గరికి, ఆ తర్వాతే విమానం టికెట్లకి వెళ్లండి. మేం తలకిందులుగా చేశాం, అదృష్టం బాగుండి గట్టెక్కాం.

మలేరియా మాత్రలు డాక్టరు రాసినవి ప్రయాణానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక ఏడు రోజులు వేసుకున్నాం. ప్రయాణ బీమాలో దూర ప్రాంతం నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందో లేదో చూసి మరీ తీసుకున్నాం.

సర్దుకోవడంలో రెండు సంగతులు. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, 2020 జూన్ నుంచి పార్కుల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ తీసుకెళ్లకూడదు. అమ్మ కవర్లలో కట్టిన కారప్పొడి, సకినాలు అన్నీ విప్పి స్టీలు డబ్బాల్లోకి మార్చాం. నీళ్లకి స్టీలు సీసాలు. రెండోది చలి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుంటాం, కానీ నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది, మారా కూడా ఎత్తు మీదే. తెల్లవారి పైకప్పు తెరిచిన బండిలో గాలి కోస్తుంది. స్వెటర్లు, మంకీ క్యాపు లేకపోతే అమ్మ ఇబ్బంది పడేది. డాలర్ల నోట్లు కూడా పాతవి అక్కడ తీసుకోరు, 2013 తర్వాత ముద్రించినవి, చిరుగు లేనివి అడిగి తీసుకున్నాం. మన బ్యాంకులో ఇచ్చినవాటిలో రెండు నోట్లు వెనక్కిచ్చి మార్చుకోవాల్సి వచ్చింది.

నైరోబీలో దిగిన మర్నాడు పొద్దున వ్యాను వచ్చింది. డ్రైవరు గారు నలభై ఏళ్ల మనిషి, ఇరవై ఏళ్లుగా ఇదే పని. అమ్మని మొదటి నిమిషం నుంచే "మామా" అని పిలిచాడు. అక్కడ పెద్దావిడని అలాగే పిలుస్తారు. అమ్మ అతన్ని "బాబూ" అంది. ఆ ఏడు రోజులూ ఇద్దరూ ఆ రెండు మాటలతోనే మాట్లాడుకున్నారు. దారిలో హోటల్లో చపాతీ, చాయ్, సమోసా అన్నీ అవే పేర్లతో దొరికాయి. 1896లో మొదలైన రైలు మార్గం వేయడానికి మన దేశం నుంచి వేల మంది కూలీలను తీసుకెళ్లారు, ఆ తర్వాత వ్యాపారులు వెళ్లారు, ఆ మాటలు అక్కడి స్వాహిలి భాషలో కలిసిపోయాయి. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి, పక్కన సుకుమా వికి అనే ఆకుకూర పెట్టారు. అమ్మ ఒక ముద్ద తిని, "గిది మన మక్క గటుకనే గదా" అంది. ఆ రోజు నుంచి తిండికి ఇబ్బంది లేదు, ఖర్చూ లేదు. సుకుమా వికి అంటే వారాన్ని నెట్టుకొచ్చేది అని అర్థమట. జీతం వచ్చేదాకా ఇల్లు గడిపే కూర.

మొదటి మజిలీ నైవాషా సరస్సు. అక్కడ పార్కు టికెట్ లేకుండానే పడవలో తిరిగి నీటిగుర్రాలను చూడొచ్చు, పడవ ఖర్చు మాత్రమే. మర్నాడు పొద్దున పక్కనే ఉన్న హెల్స్ గేట్. అప్పటికి 26 డాలర్ల టికెట్. కెన్యా పార్కుల్లో సైకిలు మీద, కాలి నడకన తిరగనిచ్చేవి తక్కువ, ఇది అందులో ఒకటి. మా ఆయన, తమ్ముడు, నేను సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం, అమ్మ వెనక వ్యానులో వచ్చింది. ఎర్రటి రాతి గోడల మధ్య మట్టి దారి, పదడుగుల దూరంలో జీబ్రాలు మేస్తున్నాయి, మాకూ వాటికీ మధ్య ఏమీ లేదు. నేను సైకిలు ఆపి నిలబడిపోయాను. ఒక జిరాఫీ తలెత్తి చూసి మళ్లీ తుమ్మకొమ్మ కొరుక్కుంది. మొత్తం ప్రయాణంలో రూపాయికి రూపాయి విలువ దక్కిన చోటేదంటే నేను దీని పేరే చెప్తాను.

తర్వాతి మజిలీ నకురులో ఒక దెబ్బ తగిలింది. ముందే కట్టిన రెండు గదుల్లో ఒకటి హోటలువాళ్లు వేరేవాళ్లకి ఇచ్చేశారు. రాత్రి ఎనిమిదయింది, అమ్మ అలిసిపోయి రిసెప్షన్‌లో సోఫా మీద కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. డ్రైవరు గారే నాలుగు ఫోన్లు చేసి దగ్గర్లో ఇంకో చోట గది చూశారు. రాత్రికి 25 డాలర్లు ఎక్కువైంది. ఆ డబ్బు ఆ హోటలు నుంచి తిరిగి రాలేదు. తర్వాతి బసకి ముందు రోజే ఫోన్ చేయించి, గదులు ఉన్నాయని ఖాయం చేసుకుని కదిలాం. బుకింగ్ కాగితం చేతిలో ఉన్నా ఆ ఒక్క ఫోను తప్పనిసరి.

మర్నాడు నకురు పార్కు చూశాక ఆ బాధ పోయింది. టికెట్ 60 డాలర్లు. మేం వచ్చేశాక, 2025 అక్టోబరు నుంచి, అది 90 అయింది, మిగతా జాతీయ పార్కుల ధరలూ పెరిగాయి, కాబట్టి నా లెక్కలు వాడుకునేవాళ్లు అది చూసుకోవాలి. సరస్సు నీరు పదేళ్లకు పైగా పెరుగుతూ వచ్చి ఒడ్డునున్న చెట్లని ముంచేసింది, ఎండిన మోళ్లు నీళ్లలో నిలబడి ఉన్నాయి. ఒకప్పటిలా గులాబీ రంగు ఫ్లెమింగోలు లక్షల్లో లేవు, కొన్ని కనబడ్డాయి. కానీ ఇక్కడ నల్ల ఖడ్గమృగాలూ, తెల్లవీ రెండూ ఉన్నాయి. తెల్లవి ఏడు, ఒక పిల్లతో సహా, గడ్డి మేస్తూ మా బండి పక్కనుంచే పోయాయి. ఈ పార్కులో ఏనుగులు మాత్రం లేవు. అమ్మ అడగలేదు. నేను లోలోపల లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

మారా చేరడానికి నరోక్ మీదుగా దాదాపు ఆరు గంటలు పట్టింది. సెకెనాని గేటు బయట గుడారాల క్యాంపు. గుడారం అంటే లోపల మంచం, వెనక స్నానాలగది, రాత్రి కొద్ది గంటలే కరెంటు. మూడు పూటల భోజనంతో మనిషికి 55 డాలర్లు. పార్కు లోపలి లాడ్జిలు దీనికి నాలుగైదు రెట్లు. తెల్లవారి గేటు దగ్గర క్యూలో కొంచెం ముందుంటే చాలు, చూసే జంతువులు అందరికీ ఒకటే. ఆ సాయంత్రం క్యాంపులోని మసాయి తెగ యువకుడితో చుట్టూ కొండ మీద నడిచాం, మనిషికి 10 డాలర్లు. దగ్గరున్న మసాయి ఊరు చూడడానికి 30 డాలర్లు అడిగారు, అది మా లెక్కలో లేదు. అమ్మా నేనూ మాత్రమే వెళ్లాం. ఆడవాళ్లు పూసల పని చూపించారు, అమ్మ వాళ్ల చేతులు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ డబ్బులో వాళ్లకి ఎంత అందుతుందో అడిగితే ఎవరూ తేటగా చెప్పలేదు. అందుకే అమ్మ పూసల గొలుసులు రెండు నేరుగా వాళ్ల చేతికే డబ్బిచ్చి కొన్నది.

మొదటి రోజు మారాలో సింహాలు కనిపించాయి. ఒక పొద కింద ఆరు ఆడ సింహాలు, పిల్లలు వాటి మీద పాకుతున్నాయి. ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి ఉండకూడదని నియమం, దారి దిగి గడ్డిలోకి పోకూడదు. మా డ్రైవరు గారు దూరంగా ఆపి, వంతు వచ్చాకే దగ్గరికి తీసుకెళ్లారు. ఫిబ్రవరి కావడంతో మా వంతు పది నిమిషాల్లో వచ్చింది. ఒక చీతా పుట్ట మీద కూర్చుని గంటసేపు ఒకే వైపు చూస్తుంటే మేమూ అంతసేపు కూర్చున్నాం. వేరే బండ్లు వచ్చి, ఫొటో తీసుకుని వెళ్లిపోయాయి. చివరికి అది లేచి గజెల్ అనే జింక వెంట పడింది, దొరకలేదు. ఏనుగులు మాత్రం ఎక్కడో కొండ వాలులో చుక్కల్లా కనిపించాయి, అంతే. రాత్రి తమ్ముడు నా వైపు చూశాడు. అంబోసెలి మాట ఎత్తలేదు.

రెండో రోజు మధ్యాహ్నం దాకా కూడా లేవు. డబ్బాలు విప్పి చెట్టు నీడన భోంచేశాం. మూడు దాటాక డ్రైవరు గారు బండిని ఒక వాగు పక్కన ఆపి ఇంజను ఆపేశారు. "పోలే పోలే మామా" అన్నారు. మెల్లగా, తొందర లేదు అని. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత చెట్ల వెనక కొమ్మ విరిగిన చప్పుడు. ఒకటి, రెండు, మొత్తం పదమూడు, చిన్నపిల్లలు మధ్యలో. గుంపుని నడిపించేది ఎప్పుడూ పెద్ద వయసు ఆడ ఏనుగేనని ఆయన గొంతు తగ్గించి చెప్పారు. ఆ పెద్దది మా బండికి పదిహేను అడుగుల దూరంలో నిలబడింది. కదల్లేదు. దాని ఊపిరి వినిపిస్తోంది, చెవులు విసురుతుంటే గాలి చప్పుడు వినిపిస్తోంది. అమ్మ పైకప్పు ఊచ పట్టుకుని నిలబడింది, చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. సాయంత్రం ఆరింటికి టికెట్ గడువు అయిపోతుందని డ్రైవరు గారు గుర్తుచేసేదాకా మేం అక్కడే ఉన్నాం.

ఇంటికొచ్చాక తమ్ముడు లెక్క తేల్చాడు. నలుగురికీ విమానాలు, హైదరాబాద్ నుంచి రానూపోనూ, 1,64,000. ఈటీఏలు 12,000. పార్కు టికెట్లు మనిషికి 286 డాలర్లు, నలుగురికి సుమారు 99,500. వ్యాను ఏడు రోజులు 97,400. అన్ని బసలూ కలిపి 88,000. టీకాలు, మాత్రలు, బీమా, పడవ, సైకిళ్లు, బయటి తిండి, సిమ్ కార్డు, డ్రైవరు గారికి ఇచ్చిన బక్షీసు, నకురు గది అదనం, పూసలు, అన్నీ కలిపి 60,000. మొత్తం 5,20,900. మనిషికి లక్షా ముప్పై వేలు పైన కొంచెం. తక్కువ డబ్బేం కాదు, మేం నలుగురం ఆర్నెల్లు దాచుకున్నాం, నేను చిట్టీ ఒకటి ముందే ఎత్తాను. బెలూన్ ఎక్కలేదు, మనిషికి 450 డాలర్ల పైమాట. అది ఎక్కలేదని ఇప్పటికీ ఎవరికీ బాధ లేదు.

ముంబైలో దిగగానే ఆరోగ్య శాఖ కౌంటరులో ఎల్లో ఫీవర్ టీకా పసుపు కార్డులు అడిగారు. అమ్మ తన కార్డు తనే తీసి చూపించింది. ఒకసారి వేయించుకుంటే ఆ టీకా జీవితాంతం చెల్లుతుందని అక్కడి ఉద్యోగి చెప్పారు. ఇంటికొచ్చాక అమ్మ ఆ కార్డుని పాస్‌పోర్టులో పెట్టి, రెండింటినీ బీరువాలో నాన్న ఫొటో పక్కన దాచింది. పోయిన వారం తమ్ముడితో ఫోనులో మాట్లాడుతూ, అంబోసెలికి టికెట్ ఎంత అని అడిగింది.